ఒకరి కూలికి, మరొకరి కూలికి తేడా యెందుకు?

(ఉగాది ఉత్సవ సభలో ఒక విశ్రాంత అర్థశాస్త్రోపన్యాసకుడు చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాము. పంతులుగారు తిథి వార నక్షత్రాలు చదివినంతసేపూ వెనుక వరుసలలో ముచ్చట్లు సాగుతూనే ఉన్నవి. ‘ఆదాయ వ్యయములు’ అనేసరికి సభ అంతా నిశ్శబ్దమైపోయినది. ఒక రాశికి ఆదాయం 14 అన్నారు; ఆ రాశివారి ముఖాలు వికసించినవి. మరొక రాశికి 2 అన్నారు; ఆ రాశివారు పక్కవారిని చూసి నవ్వి ఊరుకున్నారు. ఇంతకూ ఒకరికి 14, మరొకరికి 2 యెందుకు? పంతులుగారు గ్రహాలను చూపుతారు. ముప్పై యేండ్లు కళాశాలలో అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక నేను బజారును చూపవలసి ఉన్నది. ఈ సందేహమే నేటి నా ప్రసంగ విషయం.

నేను పుట్టి పెరిగినది మన షోలాపురం పూర్వభాగంలోనే. నేటికీ ఆ సందులలో ఒక్కొక్క యింట మూడు రకాల సంపాదన కనపడుతుంది. కోడలు ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంది. ఆమె కూలి వేయి బీడీలకు ఇంత అని. కొడుకు మరమగ్గంమీద చద్దర్లో, టవళ్లో నేస్తాడు. అతని కూలి నేసిన సరుకునుబట్టి. మనుమడు పూనాలో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. అతనిది నెల జీతం. ముగ్గురూ ఒకే కుండలో అన్నం తిన్నవారు, ఒకే తెలుగు మాట్లాడేవారు. తెల్లవారుజామున లేచి రాత్రి అందరికన్న ఆలస్యంగా నడుము వాల్చేది ఎవరయ్యా అంటే, కోడలు. అందరికన్న తక్కువ తెచ్చేది ఎవరయ్యా అంటే, ఆమెయే.

ఎందుకని అడిగితే మనవారు రెండు జవాబులు చెపుతారు. ఒకటి, నుదుటి వ్రాత. రెండవది, చదువు. మొదటిది జవాబు కానే కాదు. రెండవది సగం జవాబు. మిగిలిన సగం చెప్పడానికే నేను ఈ మైకు ముందు నిలబడినాను.

ముందుగా, శ్రమకు కూడా ఒక బజారు ఉన్నదని ఒప్పుకొందాము. కొనేవారు, అమ్మేవారు, ధర, అన్నీ ఉన్నవి. అయితే ఇది కూరగాయల బజారువంటిది కాదు. వంకాయలు సాయంకాలానికి వాడిపోతే ధర తగ్గుతుంది. శ్రమ ఏ పూటకు ఆ పూటే పోతుంది. నిన్న పని దొరకక ఊరకున్న దినాన్ని నేడు తెచ్చి అమ్ముకొనలేము. వంకాయలు అమ్మిన ఆమె వంకాయలతోబాటు కొన్నవారి యింటికి పోనక్కరలేదు. శ్రమ అమ్మేవాడు శ్రమతోబాటు తానుకూడా పోవలెను. అక్కడి వేడి, దుమ్ము, మేస్త్రి మాట, అన్నీ భరించవలెను. ఇంగ్లండు ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రకటించిన గ్రంథంలో ఈ తేడాలను విడమరచి చెప్పినాడు. ఆకలి వేచి ఉండదు గనుక శ్రమ బజారులో అమ్మేవాడికే తొందర ఎక్కువ. ఈ మాట గుర్తుంచుకోండి. చివరిదాకా ఇదే పని చేస్తుంది.

ఇక యజమాని ఏ లెక్కమీద కూలి యిస్తాడు? ఈ మనిషిని పెట్టుకుంటే నాకు అదనంగా ఎంత సరుకు వస్తుంది, ఆ సరుకు ఎంతకు అమ్ముడుపోతుంది అన్నదే అతని లెక్క. ఒకే నేతగాణ్ణి చేమగ్గంమీద కూర్చోబెట్టండి. దినానికి కొన్ని గజాలు. అతన్నే మరమగ్గాలముందు నిలబెట్టండి. అంతకు అనేక రెట్లు. చేయి మారలేదు, చేతిలోని సాధనం మారినది. పూనాలోని మన మనుమడు చేసే పనిని సముద్రాలకవతలివారు కొంటారు. బీడీని కొనేవాడు తనకన్న పేదవాడు. సరుకు కొనేవాని జేబునుబట్టి కూడా కూలి ఉంటుంది. కరీంనగరం, నిజామాబాదు జిల్లాల మన సోదరులు గల్ఫు దేశాలకు పోయి, ఇక్కడ చేసిన తాపీ పనే అక్కడ చేసి ఎక్కువ పంపగలుగుతున్నారంటే వారి చేతిలో కొత్త విద్య మొలవలేదు. వారు నిలబడిన నేల మారినది.

ఇది కొనేవాని వైపు. అమ్మేవాని వైపు సంగతి 1776లోనే ఆడం స్మిత్ చెప్పినాడు. కూలి తేడాలకు అతడు అయిదు కారణాలు లెక్కపెట్టినాడు. పని హాయిగా ఉన్నదా, రోతగా ఉన్నదా అన్నది మొదటిది. నేర్చుకొనడానికి ఎంత కాలం, ఎంత డబ్బు పడుతుందన్నది రెండవది. పని ఏడాది పొడుగునా దొరుకుతుందా, లేదా అన్నది మూడవది. చేసేవానిమీద ఎంత నమ్మకం ఉంచవలసి ఉన్నదన్నది నాలుగవది. నేర్చినవారిలో ఎందరు పైకి వస్తారన్నది అయిదవది. వీటిలో మనకు తెలియనిది ఒక్కటీ లేదు. కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే జాబరుకు నేతగానికన్న ఎక్కువ వస్తుంది. ఆ విద్య పట్టుబడడానికి యేండ్లు కావలెను. తాపీమేస్త్రి దినకూలి పెద్దదిగా కనపడుతుంది. వానాకాలంలో అతడు ఊరకుండే దినాలను అందులోనుంచే పూడ్చుకోవలెను. బంగారం పనివాని కూలిలో నమ్మకం వెల కలిసి ఉన్నది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. చదువు, నేర్పు, కష్టం, నమ్మకం. వీటినిబట్టే కూలి, కాబట్టి ఎవరికి రావలసినది వారికి వస్తున్నది అంటారు. నేనుకూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలకు అట్లాగే చెప్పినాను. ఒకనాడు ఒక విద్యార్థి లేచి, “రోత పనికి ఎక్కువ కూలి రావలెనని స్మిత్ అన్నాడు గదా సార్, మరి మురికి కాలువలో దిగేవానికి అందరికన్న తక్కువ యెందుకు?” అని అడిగినాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆ జవాబు 1848లో జాన్ స్టువర్ట్ మిల్ ఇచ్చినాడు. నిజానికి మిక్కిలి కష్టమైన, మిక్కిలి రోత అయిన పనులకే తక్కువ కూలి వస్తున్నది. ఎందుకంటే వాటిని చేసేవారు వేరే గతిలేనివారు అని అతని వాదం. స్మిత్ చెప్పిన లెక్క సరిగా నడవవలెనంటే ఒక పని వదలి మరొక పనికి పోయే స్వేచ్ఛ మనిషికి ఉండవలెను. మన దేశంలో ఆ స్వేచ్ఛకు అడ్డుపడినది ఏదో డాక్టర్ అంబేడ్కర్ 1936లో తేల్చి చెప్పినారు: కులం పనిని మాత్రమే పంచలేదు, పనిచేసేవారినే అరలుగా విడగొట్టినది అన్నారు. ఒక అరలో పుట్టినవాడు మరొక అరలోకి పోలేకపోతే, ఆ అరలో ఎంతమంది కిక్కిరిసి ఉంటే కూలి అంత తక్కువ.

ఇక మా అమ్మగారి సంగతి చెపుతాను. పుస్తకాలకన్న ముందు నాకు అర్థశాస్త్రం నేర్పినది ఆమెయే. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసినది.

మా అమ్మ రాత్రి ఆకు తడిపి ఉంచేది. తెల్లవారి కొలత రేకు పెట్టి కత్తెరతో ఆకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేది. ఇరువది అయిదు బీడీలు ఒక కట్ట. మరునాడు ఆ కట్టలను మోసుకొని బ్రాంచికి పోయేది. చాలాసార్లు నేను వెంట పోయినాను. అక్కడ సరుకు చూసేవాడు బల్లవెనుక కూర్చుని కట్టలు విప్పి, ఇది లావు, ఇది సన్నం, దీని మూతి బాగాలేదు అని పక్కకు విసిరేవాడు. విసిరినవాటికి కూలి లేదు. పోనీ వాటిని తిరిగి ఇస్తాడా అంటే, అదీ లేదు. యజమాని ఇచ్చిన ఆకులో చిల్లులదీ, ఎండినదీ ఎక్కువై ఆకు చాలకపోతే, అమ్మ తన డబ్బుతో బజారులో ఆకు కొని లెక్క పూరించేది. ఒకనాడు నేను కోపం పట్టలేక, “ఈ బ్రాంచి మానేసి ఇంకొకచోటికి పోరాదా?” అన్నాను. అమ్మ నా చేయి పట్టుకొని బయటికి నడిచి, “ఏ గుమ్మానికి పోవాలె బిడ్డా? మన పుస్తకం ఈడనే ఉండె” అన్నది.

ఆ పుస్తకం ఆమె కూలి లెక్కలు వ్రాసే పుస్తకం. నడిచిపోగలిగిన దూరంలో మరొక బ్రాంచి లేదు. ఉన్నా కొత్తవారిని చేర్చుకొనేది లేదు. యింట్లో అయిదుగురు పిల్లలము; దూరం పోతే చూసేవారు లేరు. వేయి బీడీలు తప్పులేకుండా చుట్టగల చేయి ఆమెది. ఆ నేర్పు నేర్పు కాదా? ఆమె కూలి తక్కువైనది నేర్పు లేక కాదు, రెండవ గుమ్మం లేక.

కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన జోన్ రాబిన్సన్ అనే విదుషీమణి 1933లో వ్రాసిన గ్రంథంలో సరిగా ఈ స్థితినే గణితంతో విశదపరచినారు. అమ్మేవాడు ఒక్కడే అయితే ధర పెంచుతాడని మనకందరికీ తెలుసు. కొనేవాడు ఒక్కడే అయితే ధర తగ్గిస్తాడని ఆమె చూపినారు. చుట్టూ నలుగురు యజమానులు పనివారికోసం పోటీపడితే కూలి పనివాని నేర్పుకు దగ్గరగా వస్తుంది. ఒక్క యజమాని ఉన్నచోట కూలి పనివాని అవసరానికి దగ్గరగా వస్తుంది. నేర్పు ఎంత ఉన్నదని కాదు, ఎంత తక్కువ యిస్తే ఈమె లేచిపోకుండా ఉంటుందని చూస్తారు.

ఈ రెండవ గుమ్మం అనే మాటతో మన వలస చరిత్ర అంతా చదువుకోవచ్చును. మన తాతముత్తాతలు కరీంనగరం, వరంగల్లు, పాలమూరు సీమలనుండి ఇక్కడికి ఎందుకు వచ్చినారు? మిల్లు బట్ట వచ్చి చేమగ్గానికి గిరాకీ తగ్గినది. 1876–78 నాటి మహాక్షామం దక్కనును పీల్చివేసినది. అదే కాలంలో షోలాపురంలో బట్టల మిల్లు వెలసినది. ఊరిలో ఉన్న ఒక్క గుమ్మం మూసుకొనిపోగా వారు నడిచివచ్చి రెండవ గుమ్మం తట్టినారు. బొంబాయిలో కామాటిపురానికి ఆ పేరు మన తెలుగు కూలీలైన కామాటీలవల్లనే వచ్చినది. వారూ అట్లా వచ్చినవారే. వలస అంటే శ్రమ బజారులో పేదవాడు చేయగల ఒకే ఒక బేరం.

కాని ఆ బేరాన్ని కూడా దెబ్బతీసే ఉపాయం ఒకటి ఉన్నది. దాని పేరు అడ్వాన్సు. పాలమూరు గుంపు మేస్త్రి ఊరికి వచ్చి, వర్షాలు లేని కాలం చూసి, పెండ్లికో, వైద్యానికో ముందుగా డబ్బు యిస్తాడు. ఆ డబ్బు తీరేదాకా కూలివాడు ఆ మేస్త్రి చెప్పిన ఆనకట్ట దగ్గరే పనిచేయవలెను. ఊరు మారినాడు, గుమ్మం మాత్రం ఒక్కటే. అప్పు తీసుకున్ననాడే అతడు కూలి అడిగే హక్కును తాకట్టు పెట్టినాడన్నమాట. మన మరమగ్గాల కార్ఖానాలలోనూ బాకీపడిన నేతగాడు పక్క కార్ఖానాలో కూలి ఎక్కువ ఉన్నదని తెలిసికూడా కదలలేడు. ఇది మనలో చాలామందికి అనుభవంలో ఉన్న విషయమే.

మరి ఉపాయం ఏమి? ఒకటి చట్టం. 1948లో కనీస వేతనాల చట్టం వచ్చినది. దాని పట్టికలో బీడీ తయారీ మొదటినుండీ ఉన్నది. 1966లో బీడీ, చుట్ట కార్మికులకు ప్రత్యేక చట్టం వచ్చి, యింటిలో చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించినది. ఈ పాత చట్టాలను 2019, 2020 సంవత్సరాలలో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతులలో చేర్చినారు. 1977లో ప్రావిడెంటు ఫండును బీడీ పరిశ్రమకు వర్తింపజేసినారు. యజమానులు సుప్రీంకోర్టుకు పోయి, యింటిలో కూర్చుని చుట్టే ఆడవారు మా పనివారెట్లా అవుతారని వాదించినారు. 1985లో కోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు చదివిననాడు నేను కళాశాల గ్రంథాలయంలో కూర్చుని కంటతడి పెట్టుకున్నాను. కోర్టు ఏమన్నదో తెలుసునా? బాగాలేదని బీడీలను పక్కకు తీసివేసే హక్కు యజమానికి ఉన్నది; ఆ హక్కే ఆయన అదుపుకు సాక్ష్యం; కాబట్టి వీరు ఆయన పనివారే అన్నది. ఏ విసురు మా అమ్మ కూలిని కోసివేసినదో, ఆ విసురే ఆమె కార్మికురాలని రుజువు చేసినది.

కూలి పెంచితే పనులు పోతాయని భయపెట్టేవారు ఎప్పుడూ ఉంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు, పరీక్షించవలెను. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస కూలిని గంటకు 4.25 డాలర్లనుండి 5.05 డాలర్లకు పెంచినది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆచార్యులు రెండు రాష్ట్రాల ఫలహారశాలలను పోల్చిచూసి, పెంచినచోట పనులు తగ్గినట్లు కనపడలేదని 1994లో ప్రకటించినారు. దానిమీద చాలాకాలం వాదోపవాదాలు జరిగినవి. 2021లో కార్డుకు నోబెల్ బహుమతి వచ్చినది. కొనేవాడు ఒక్కడై ధరను మరీ క్రిందికి అణచిపెట్టినచోట కొంత పెంచినంతమాత్రాన పని పోదు. అయితే ఎంతైనా పెంచవచ్చునని దీని అర్థం కాదు. యజమాని మరొక ఊరికి లేచిపోగలడు.

అట్లా లేచిపోయిన ఉదాహరణ కూడా ఉన్నది. 1966 చట్టాన్ని కేరళలో అమలుచేయబూనగా, కన్ననూరు ప్రాంతంలో బీడీలు చుట్టించే మంగుళూరు యజమానులు 1968లో అక్కడి పని మూసివేసినారు. వేలమంది వీధిన పడినారు. వారు ఏడుస్తూ కూర్చోలేదు. 1969లో ప్రభుత్వ సహాయంతో దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకొన్నారు. గుమ్మం మూసినవారి యెదుట తమ గుమ్మం తామే కట్టుకొన్నారు. బీడీకి గిరాకీ తగ్గుతున్న కాలంలో అదే సంఘం ఆహార పదార్థాలు, గొడుగులు మొదలైనవాటిలోకి దిగినది. చట్టానికి వెనుక సంఘబలం ఉన్నప్పుడే అది కాగితం దాటి వస్తుంది.

సంఘబలం గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పవలసి ఉన్నది. అదికూడా మన తెలుగువారి కథయే. ఒకనాడు రంగూను రేవులో ఓడలు దింపే కూలీలలో మనవారే ఎక్కువ. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేసినారు. ఓడలవారు బర్మా కూలీలను పనిలో పెట్టినారు. కొద్ది దినాలకు రాజీ కుదిరి మనవారిని తిరిగి తీసుకొని, బర్మావారిని పొమ్మన్నారు. ఆ ఉదయం రేవులో రేగిన కొట్లాట నగరమంతా పాకినది; మనవారు ఎందరో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. ఇరువైపుల వారూ పేదలే, ఇరువైపుల వారూ అడిగినది పనే. ఒక్క గుమ్మం ముందు ఇద్దరు ఆకలిగొన్నవారిని నిలబెడితే వారు గుమ్మాన్ని వదలి ఒకరినొకరు తోసుకొంటారు. నేడు మన కార్ఖానాలలోకి ఇతర ప్రాంతాలవారు వస్తున్నారు. వారు మన కూలిని తగ్గిస్తున్నారని గొణిగేవారు, నూరేండ్ల క్రితం మనమూ అట్లాగే వచ్చినామని గుర్తు తెచ్చుకోవలెను. వారిని మన సంఘాల్లో చేర్చుకుంటేనే మన కూలి నిలబడుతుంది.

సోదరులారా, ఇంతవరకు యజమానులను అన్నాను. ఇప్పుడు మనల్ని అంటాను. పండుగనాడు అన్నందుకు క్షమించండి. పిల్లను చూడబోయినప్పుడు బీడీలు చుట్టడం వచ్చునా అని అడిగినది యజమాని కాదు, మనమే. ఏడవ తరగతిలో ఉన్న ఆడపిల్ల ఒళ్లో చాట పెట్టినది మనమే. కొడుకును పూనా కళాశాలకు పంపడానికి తల్లి, చెల్లెలు చుట్టిన బీడీల డబ్బు వాడుకొని, “మా యింట్లో ఆడవాళ్లు ఊరకే కూర్చోలేక ఏదో చుడుతుంటారు” అని చుట్టాలతో అన్నది మనమే. నా చదువు అట్లాంటి డబ్బుతో సాగినదే. యింట్లో లెక్కకు రాని కూలికి బజారులో లెక్క ఎట్లా వస్తుంది?

కాబట్టి మన సంఘానికి నావి మూడు మనవులు. ఏ కార్ఖానాలో, ఏ బ్రాంచిలో ఏ పనికి ఎంత కూలి యిస్తున్నారో, ప్రభుత్వం నిర్ణయించినది ఎంతో, తెలుగులో, మరాఠీలో వ్రాసి మన కార్యాలయం గోడమీద నెలనెలా పెట్టండి. ధర తెలియనివాడు బేరం చేయలేడు. పెండ్లికి, వైద్యానికి యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకొనే అవసరం లేకుండా ఒక చిన్న పరస్పర సహాయనిధి పెట్టండి. కార్మికుని కాలికి ఉన్న తాడు అదే. మూడవది, బీడీలు చుట్టే యిండ్ల ఆడపిల్లలకు సాయంకాలపు పాఠశాల. తంబాకు దుమ్ములో కూర్చున్నవారి ఆరోగ్యం సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ పిల్లలకు రెండవ గుమ్మం చూపడం మన చేతిలో పని.

మా అమ్మ చివరి దినాలలో ఆమె పేరున ప్రావిడెంటు ఫండు డబ్బు వచ్చినది. పెద్ద మొత్తమేమీ కాదు. ఆమె ఆ కాగితాన్ని నాచేత రెండుసార్లు చదివించుకొని, “దీనిమీద నా పేరే ఉన్నదా?” అని అడిగినది. ఉన్నదన్నాను. దానిని మడిచి, కత్తెర ఉంచుకొనే డబ్బాలో పెట్టుకొన్నది.

పంచాంగంలో ఆదాయ వ్యయాల తరువాత రాజపూజ్యం, అవమానం అని మరి రెండు అంకెలు చదువుతారు. మొదటి రెండు అంకెలూ బజారు చేతిలో ఉంటే ఉండవచ్చును. ఈ రెండూ మాత్రం మన చేతిలోనే ఉన్నవి. నేడు యింటికి పోయిన తరువాత, చాట ముందు కూర్చున్న తల్లిని, భార్యను, కోడలిని ఒక్కమాట అడగండి: “నెలకు నీ సంపాదన ఎంత?” అని. చెప్పిన అంకెను యింటి ఆదాయం లెక్కలో మొదటి పంక్తిలో వ్రాయండి.